మందుల అంగడిలో ధర తెలిసికొను హక్కు

విత్తనములకు, ఎరువులకు, కూలికి రైతు ఇంట లెక్క ఉండును. మందులకు మాత్రము అంగడివారు చెప్పిన మొత్తమును చెల్లించి, పొట్లముతో ఇంటికి వచ్చుట పరిపాటియైనది. రెండు దినముల జ్వరమునకు కొను మాత్రల విషయమున ఇందువలన కలుగు నష్టము స్వల్పమే. రక్తపు పోటు, మధుమేహము వంటి వ్యాధులకు మందులు ప్రతి దినమును, ఏండ్ల తరబడి వాడవలసియుండును. నెలకు 60 రూపాయలు అధికముగా చెల్లించువారు ఏడాదికి 720 రూపాయలు కోల్పోవుదురు. అంతకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. చేతిలో సొమ్ము లేని నెలలో మందు మానివేయుదురు. రక్తపు పోటు మందు అట్లు మానినవారికి పక్షవాతము వచ్చు ప్రమాదము పెరుగును.

కావున మందుల ధర ఎట్లేర్పడుచున్నదో, అంగడిలో దానిని ఎట్లు సరిచూడవలెనో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మన దేశమున ఈ విషయమై వెలువడిన మొదటి ఉత్తరువు ధరలను తగ్గించుటకై వెలువడినది కాదు. చైనా దండయాత్రానంతరము 1962లో వచ్చిన ఆ ఉత్తరువు మందుల ధరలను ప్రదర్శింపవలెనని ఆదేశించినది. ధరలను స్తంభింపజేసిన ఉత్తరువు 1963లో వచ్చినది. కొనువానికి ధర తెలియనిచో ధరను నియంత్రించియు ఫలము లేదను సంగతిని ఆనాటివారు గుర్తించిరి కాబోలు. ఇప్పుడు అమలులోనున్నది నిత్యావసర వస్తువుల చట్టము, 1955 క్రింద 2013 మే 15న వెలువడిన ఔషధ ధరల నియంత్రణ ఉత్తరువు. దీనిని అమలు జరుపుటకు 1997లో ఏర్పడిన జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ ఢిల్లీలో కలదు.

ఈ ఉత్తరువు ననుసరించి మందులు రెండు తరగతులు. అత్యవసర ఔషధముల జాతీయ జాబితాలో చేరినవి మొదటి తరగతి. 2022లో సవరింపబడిన ఆ జాబితాలో 384 మందులు కలవు. ఒకే మందును పలు కంపెనీలు తయారుచేయును గదా. అమ్మకములలో కనీసము 1 శాతము వాటా గల రకములను తీసికొని, చిల్లర వర్తకునకు అవి పడు ధరల సగటును కట్టి, దానికి 16 శాతము లాభము చేర్చి గరిష్ఠ ధర నిర్ణయింతురు. సగటు 10 రూపాయలైనచో గరిష్ఠ ధర 11 రూపాయల 60 పైసలు. పన్ను దీనికి అదనము. ఏ కంపెనీయు అంతకు మించి వసూలు చేయరాదు.

రెండవ తరగతి మందులకు ధరను కంపెనీయే నిర్ణయించుకొనును. పండ్రెండు నెలలలో 10 శాతమునకు మించి పెంచరాదనునది ఒక్కటే కట్టుబాటు. మొదటనే అధిక ధర ముద్రించిన కంపెనీని ఈ కట్టుబాటు ఆపజాలదు. ముద్రిత ధరకును, వర్తకునకు పడు ధరకును ఎంత అంతరముండగలదో 2019లో వెల్లడియైనది. ఆ ఏడు ప్రభుత్వము 42 రకముల క్యాన్సరు మందులపై వర్తక లాభమును 30 శాతమునకు పరిమితము చేయగా, 526 బ్రాండ్ల ధరలు తగ్గినవి. కొన్నిటి ధర 90 శాతము వరకు పడిపోయినది. ‘ముద్రించిన ధరపై 10 శాతము తగ్గింపు’ అను బోర్డును చూచి సంతసించుటకు పూర్వము ఈ సంగతిని తలచుకొనుట మంచిది.

ఇక అంగడివారి బాధ్యతలు. కంపెనీ పంపిన ధరల పట్టికను కోరినవారు చూచుటకు వీలుగా, అందరికిని కనబడుచోట ఉంచవలెను. నిర్ణీత ధర, పట్టికలోని ధర, షీటు మీది ధర వేరువేరుగా నున్నచో వానిలో తక్కువదానిని మించి తీసికొనరాదు. మందు ఉంచుకొని, చట్టప్రకారము కొనవచ్చినవారికి లేదనరాదు. షీటు కత్తిరించి విడిగా అమ్మినప్పుడు దామాషా ధరనే తీసికొనవలెను. పల్లెలలో ఎక్కువ పొరపాట్లు జరుగునది ఇచ్చటనే. 15 మాత్రల షీటు ధర 33 రూపాయలైనచో మాత్ర ఒక్కటికి 2 రూపాయల 20 పైసలు. ఆరు మాత్రలకు 13 రూపాయల 20 పైసలు. ‘చిల్లర లేదు, ఇరువది ఇండు’ అనుట చెల్లదు. ధర ముద్రించిన వైపు కత్తిరించి తీసివేసిన ముక్కను కూడ చూపుమని అడుగవచ్చును.

ధరల పట్టికకు ఇటీవల ప్రాముఖ్యము పెరిగినది. 2025 సెప్టెంబరు 22 నుండి మందులలో అధిక భాగముపై వస్తు సేవల పన్ను 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. పన్నుతో 112 రూపాయలకు అమ్మినది 105 రూపాయలకు రావలెను. అంతకు పూర్వము తయారైన షీట్ల మీద పాత ధరయే యుండవచ్చును. క్రొత్త ధర సవరించిన పట్టికలో ఉండును. కావున తయారైన తేదీని చూచి, పాతదైనచో పట్టిక చూపుమని కోరవలెను.

అంగడివారందరును మోసగాండ్రని తలపరాదు. అర్ధరాత్రి తలుపు తట్టినను మందిచ్చువారు వారిలో ఎందరో కలరు. పైగా వారి చేతులును కొంతవరకు కట్టబడియున్నవి. వైద్యుడు చీటిలో ఒక బ్రాండు పేరు వ్రాసినప్పుడు, షెడ్యూలు హెచ్‌లో చేరిన మందుకు బదులుగా వేరొక కంపెనీ మందు నిచ్చుటకు నిబంధనలు అంగీకరింపవు. అందుచేత చౌక మందు కావలెనన్నచో వైద్యునే అడుగవలెను. మందు అసలు పేరును స్పష్టముగా వ్రాయవలెనని వైద్యుల ప్రవర్తనా నియమావళికి 2016లో సవరణ వచ్చినది. చీటిలో అసలు పేరున్నచో 2008లో ప్రారంభమైన జన ఔషధి కేంద్రములలో అదే మందు తరచుగా సగము ధరకు, కొన్ని అంతకన్న తక్కువకు లభించును. అన్ని మందులును అచ్చట దొరకవు. కేంద్రములు ప్రతి ఊరికిని సమీపమున లేవు. రక్తపు పోటు, మధుమేహము మందులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా ఇత్తురు గనుక ముందు అచ్చట విచారించుట లాభకరము.

మందుల అంగడిని సోదా చేయు అధికారము పంచాయతీకి లేదు. అది ఔషధ నియంత్రణ శాఖకు చెందిన డ్రగ్ ఇన్‌స్పెక్టరుది. అయినను ఆరోగ్యము రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు ఉద్దేశింపబడిన విషయములలో ఒకటి. గ్రామసభలో ఈ అంశమును చర్చకు పెట్టవచ్చును. దామాషా లెక్కను పెద్ద అక్షరములతో పంచాయతీ నోటీసు బోర్డుపై వ్రాయింపవచ్చును. ఫోను వాడు యువకులచేత ‘ఫార్మా సహీ దామ్’ అను ప్రభుత్వ యాప్‌లో వృద్ధుల మందుల ధరలను చూపింపవచ్చును.

ఫిర్యాదుకు బిల్లు ప్రాణము. మందు పేరు, బ్యాచి సంఖ్య, ధర గల బిల్లును, షీటు మీది ముద్రిత ధర కనబడు ఛాయాచిత్రమును జతపరచి జిల్లాలోని డ్రగ్ ఇన్‌స్పెక్టరు కార్యాలయమునకు పంపవలెను. మాత్రలన్నియు వాడిన పిదపనైనను ఖాళీ షీటును పారవేయక ఫిర్యాదు తేలువరకు భద్రపరచవలెను.