సుసర్ల వ్యాఘ్రేశ్వరుడు

సుసర్ల వ్యాఘ్రేశ్వరుడు అమెరికాలో పరిశోధన సాగించిన గణాంక శాస్త్రవేత్త. పరిశోధనా పత్రాలలో ఈయన పేరు వి. సుసర్ల అని ఉంటుంది. రోగుల జీవితకాలాన్ని అంచనా కట్టే సర్వైవల్ అనాలిసిస్ (మనుగడ విశ్లేషణ)లో ఈయన కృషి పేర్కొనదగినది.

సమస్య

ఆసిఫాబాద్ నుండి హైదరాబాదుకు చికిత్సకై వెళ్ళిన రోగి ఒకడు రెండేళ్ళ తరువాత ఆసుపత్రికి రావడం మానివేశాడనుకుందాం. అతడు మరణించినట్లు లెక్కిస్తే చికిత్స ఫలితం తక్కువగా కనిపిస్తుంది. లెక్క నుండి తొలగిస్తే, రెండేళ్ళు జీవించాడన్న సమాచారం వృథా అవుతుంది. ఇటువంటి అసంపూర్ణ వివరాలను సెన్సార్డ్ దత్తాంశం అంటారు. ఇటువంటి రోగిని చివరిసారి చూసిన రోజు వరకు లెక్కలో ఉంచే పద్ధతిని 1958లో కప్లాన్, మేయర్‌లు ప్రకటించారు.

పరిశోధనలు

1976లో సుసర్ల, జాన్ వాన్ రైజిన్‌తో కలసి ఇందుకు బేయీసియన్ పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో పరిశోధకునికి ముందే ఉన్న అంచనాను రోగుల వివరాలతో మేళవిస్తారు. ముందస్తు అంచనాకిచ్చే ప్రాధాన్యాన్ని సున్నాకు తగ్గిస్తే కప్లాన్-మేయర్ ఫలితమే వస్తుంది.

1981లో హీరా కౌల్, వాన్ రైజిన్‌లతో కలసి, వయస్సు వంటి అంశాలకు జీవితకాలంతో గల సంబంధాన్ని అసంపూర్ణ దత్తాంశం నుండి కనుగొనే విధానాన్ని వెలువరించాడు. పూర్తి వివరాలు తెలిసిన రోగులకు, ఆచూకీ తెలియనివారి లోటును పూడ్చేటంత అదనపు విలువనివ్వడం ఇందులోని కీలకం.

పరిమితి

రోగి రాకపోవడానికి జబ్బు తీవ్రత కారణం కాదన్న భావనపై ఈ పద్ధతులు ఆధారపడతాయి. జబ్బు ముదిరి ప్రయాణించలేనివారే ఎక్కువగా తప్పిపోతే, ఫలితం వాస్తవం కంటె ఆశాజనకంగా కనిపిస్తుంది. అందువలన దూరప్రాంత రోగుల ఆచూకీ తెలుసుకోవడం ఏ సూత్రంతోనూ తీరని అవసరం.