గట్టు మీద తాటిచెట్టే మన బ్రూవరీ

సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్ నించి వచ్చాడు. ఆడ తాగిన క్రాఫ్ట్ బీరు గురించి ఒకటే చెప్పడం. "ఆళ్లే సొంతంగా చేస్తారన్నా, ఫ్యాక్టరీ సరుకు కాదు" అన్నాడు. మిరప చేను గట్టు మీదున్న తాటిచెట్టు చూపించి, "మరి మన తాత చేసిందేందిరా?" అన్నా. వాడు నవ్వాడు. నేను మాత్రం నవ్వులాటకి అనలా.

బీరు ఎట్టా చేస్తారో చూడండి. బార్లీలో ఉండేది పిండి. గింజని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీళ్లలో నానబెడితే గానీ తీపి దిగదు. ఆ తర్వాత కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి రోజుల తరబడి పులియబెట్టాలి. తాటిచెట్టుకి ఈ తిప్పలేం లేవు. దాని రసంలోనే సుమారు 10 నించి 12 శాతం చక్కెర ఉంటది. గెల కొసని రోజూ పల్చగా చెక్కితే చుక్కచుక్కగా లొట్టిలోకి కారుద్ది. గాల్లో, లొట్టిలో ఉన్న ఈస్టే గంటల్లో పులియబెట్టుద్ది. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పులుపెక్కుద్ది. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ అనే బీరు కూడా ఇట్టాగే గాల్లోని ఈస్టుతో పులుస్తుంది. దానికి ప్రపంచమంతా పేరు, మనదానికేమో మొరటు సరుకని పేరు.

లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగిపోద్ది. అప్పుడు దిగేది నీరా, మత్తుండదు. కాస్తే తాటిబెల్లం. చెట్టు అదే, ఎక్కే మనిషీ అతనే. 2023లో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ తెరిచింది దీనికోసమే.

ఈ చెట్టు ఒకప్పుడు ప్రభుత్వాన్నే పడగొట్టింది. మద్య నిషేధంతో బతుకుతెరువు పోయిన గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పోరాడాడు. 1954 నవంబరులో ఆ నిషేధం గొడవ మీదే ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? మన జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశమే.

కల్లు అమృతమని నేననడం లేదు. తాగితే మత్తే, అతిగా తాగితే ఇల్లు గుల్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా మీద ఊరికే తిరగబడలా. చెట్టుకల్లు చాలని చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపి అమ్మేదాన్ని కల్లనే అనకూడదు, అది విషం. అందుకే చెబుతున్నా, ఎవరి చెట్టో, ఎవరు గీశారో తెలిసిన కల్లుకే విలువ.

అసలు కష్టం రుచిలో లేదు, ఎక్కడంలో ఉంది. మోకు, కాళ్లకి బంధం, నడుముకి కత్తి, అంతే రక్షణ. మా పెదనాన్న వాన పడ్డ తెల్లారి ఎక్కి జారాడు. నడుం విరిగి తొమ్మిదేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఆయన కొడుకుల్లో ఒక్కడూ మోకు పట్టలా. ఆళ్లని తప్పుపట్టే నోరు నాకు లేదు.

తాత రోజుల్లో మా గట్టు మీద పదకొండు చెట్లుండేయి. పత్తికి పురుగు పట్టిన ఏడు అప్పు తీర్చడానికి మా నాన్న ఏడు కొట్టించి దూలాలకి అమ్మాడు. ఇప్పుడు టెంక పాతితే గీతకొచ్చేసరికి పన్నెండు, పదిహేనేళ్లు పట్టుద్ది. మిగిలిన నాలుగూ ఎక్కేది ఊళ్లో ఒక్కడే, యాభై దాటినోడు.

తమ్ముళ్లూ, వారసత్వం అని సీసా మీద బొమ్మేసి అమ్మడం తేలికే. ముందు ఎక్కేవోడికి గట్టి బెల్టు, బీమా, గీసిన చెట్టు మీద హక్కు రావాలి. నీరా చెడిపోకుండా ఊళ్లోనే చల్లబరిచే పెట్టె కావాలి. అప్పుడు మా చిన్నాన్న కొడుకు లాంటోడు కూడా లెక్కలేసుకుని ఊరికి తిరిగొస్తాడేమో.

ఈ వానాకాలం ఆ గట్టు మీదే ఇరవై టెంకలు పాతుతున్నా. అవి గీతకొచ్చే నాటికి నాకు నలభై దాటతాయి.