దీర్ఘరోగాలు – తీరొక్క మందులు



వార్షికోత్సవ సంచికలో మందుల గురించి వ్యాసం ఏమిటని అనుకోకండి. మన సిరికొండ, ఆర్మూరు ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఇంటికొక దీర్ఘరోగి కనిపిస్తారు. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన తల్లికి ఆయాసం. పసుపు చేనులో నడుము వంచిన తండ్రికి మోకాళ్ళ నొప్పి. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన చిన్నాయనకు షుగరు. ఆ ఇళ్ళల్లో ఇంగ్లీషు మాత్రతో పాటు ఆకుపసరు, చూర్ణం, ఎవరో తెచ్చిచ్చిన పొట్లం కూడా ఉంటాయి. ఇందులో ఏది మేలు చేస్తుంది, ఏది ముంచుతుంది అన్నది తెలుసుకోవడం చదువుకుంటున్న మనకు అవసరం.

ఎందుకు వెతుకుతారు?

మామూలు జ్వరం నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. షుగరు, బీపీ, ఆస్తమా, కీళ్ళవాతం, సోరియాసిస్ వంటివి అట్లా పోవు. మందు వాడినంత కాలం అదుపులో ఉంటాయి, మానితే మళ్ళీ తల ఎత్తుతాయి. "ఎన్నాళ్ళు మింగాలి సారూ?" అని అడిగితే డాక్టరు "జీవితాంతం" అంటారు. ఆ మాట విన్నాక మనిషి వేరే దారి వెతకడం సహజం. నొప్పి తగ్గాలని, ఖర్చు తగ్గాలని, ఎవరైనా "పూర్తిగా నయమవుతుంది" అని చెప్పాలని ఎవరికి ఉండదు?

ఆ వెతుకులాటలో మూడు దారులు కనిపిస్తాయి. ఒక జబ్బుకు ప్రభుత్వ అనుమతి పొందిన మందును డాక్టరు మరో జబ్బుకు రాయడం మొదటిది. దీన్ని ఆఫ్ లేబుల్ వాడకం అంటారు. డాక్టరు మందు వాడుతూనే తోడుగా యోగా, ఆయుర్వేదం, హోమియో, ఇంటి వైద్యం చేసుకోవడం రెండవది. ఇది అనుబంధ వైద్యం. డాక్టరు మందు పూర్తిగా మానేసి మరొకదాన్ని పట్టుకోవడం మూడవది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు.

మన తెలుగువాడి మందు కథ

మొదటి దారికి గొప్ప ఉదాహరణ మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పనిలోనే ఉంది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాతో బలి తీసుకుంది. విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే జబ్బది. అదే జబ్బు తనకు సోకినప్పుడు ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన కోలుకున్నారని జీవిత చరిత్రకారులు రాశారు. తరువాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1923లో అమెరికా వెళ్ళారు.

అక్కడ లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. మరి దాన్ని అడ్డుకుంటే, అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలను ఆపవచ్చు కదా! ఆ ఆలోచనతో అదే బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్ తయారు చేసింది. బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి కొంతకాలం మేలు కనిపించిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ సంవత్సరమే కన్నుమూశారు.

అసలు సంగతి ఆ తరువాతది. 1951లో అమెరికా వైద్యులు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతం రోగులకు ఇచ్చి చూశారు. కీళ్ళ వాపు తగ్గింది, సోరియాసిస్ ఉన్నవారి చర్మమూ బాగుపడింది. తరువాతి కాలంలో డాక్టర్లు తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ వాడుతూ, లెక్కలు రాసుకుంటూ, వాడనివారితో పోల్చి చూస్తూ వచ్చారు. కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది 1988లో. అంటే అన్నేళ్ళూ కీళ్ళవాతానికి దాని వాడకం ఆఫ్ లేబులే. నేడు కీళ్ళవాతానికి ప్రపంచమంతా ముందుగా రాసే మందుల్లో అదొకటి. దుష్ఫలితాలు తగ్గడానికి దానితో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. విరుగుడూ, దాని విరుగుడూ రెండూ సుబ్బారావు గారి బృందం చేతి నుంచి వచ్చినవే!

ఇక్కడ ఒక హెచ్చరిక. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అట్లా చనిపోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు రాస్తే, వేసుకోవలసిన వారం పేరును డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

అన్ని ప్రయోగాలూ నిలబడవు

ఆఫ్ లేబుల్ మందులన్నీ ఇట్లాగే నెగ్గాయని అనుకోవద్దు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబంలోది. కీళ్ళవాతానికి, లూపస్‌కు అది పనిచేస్తుందని తేలి అనుమతి పొందింది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు దీనికీ పనిచేస్తుందని ప్రపంచమంతా ఆశపడింది. వేలమంది రోగుల మీద పోల్చి చూసిన పరీక్షల్లో కొవిడ్‌కు అది ఉపయోగపడలేదని అదే ఏడు తేలింది. ఈలోగా జనం ఎగబడి కొనడంతో, రోజూ ఆ మాత్ర మీద బతికే కీళ్ళవాతం, లూపస్ రోగులకు అది దొరకక ఇబ్బంది పడ్డారు.

మృగశిర కార్తె చేప

ఆస్తమా పేరు చెబితే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది హైదరాబాదు చేప మందు. బత్తిని కుటుంబం వారు ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు చిన్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు ముద్ద పెట్టి మింగిస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకునికి దీన్ని చెప్పాడని వారి మాట. మందుకు డబ్బు తీసుకోరు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఇతర రాష్ట్రాల నుంచి కూడా వేలమంది వస్తారు. కొవిడ్ వల్ల 2020 నుంచి మూడేళ్ళు ఆగి 2023లో మళ్ళీ మొదలైంది. ఇది మందేనని రుజువు చూపాలని జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు పట్టుబట్టాయి. ఇప్పుడు దాన్ని చేప ప్రసాదం అంటున్నారు.

మింగినవారిలో కొందరు "నాకు తగ్గింది" అంటారు. వారు అబద్ధం చెబుతున్నారని అనలేం. అయితే ఆస్తమా గుణమే పెరుగుతూ తగ్గుతూ ఉండడం. దుమ్ము, చలి, పొగ, జలుబును బట్టి అది మారుతుంది. బాధ బాగా ఎక్కువైనప్పుడు మందుకు పోతాం. ఆ తరువాత అది తనంతట తాను కొంత తగ్గినా ఘనత మందుకే ఇస్తాం. చేప మింగాక 45 రోజులు పథ్యం కూడా ఉంటుంది. ఏది దేనివల్ల తగ్గిందో తేలాలంటే మింగినవారిని, మింగనివారిని పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఆ మందులో ఏముందో కుటుంబం రహస్యంగా ఉంచింది కనుక అటువంటి పోలిక కష్టం.

నమ్మకంతో పోయేవారిని వెక్కిరించవలసిన పని లేదు. చేప మింగినా ఇన్‌హేలర్ మానవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహ. అందులోని మందు మైక్రోగ్రాముల లెక్కన నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. హాస్టల్‌లో తోటివారు నవ్వుతారని ఇన్‌హేలర్‌ను పెట్టెలో దాచుకునే తమ్ముడు ఉంటే, అతనికి రాత్రి ఆయాసం వస్తే తట్టుకోలేడు. అది ఎక్కడ ఉంటుందో పక్క మంచం మీది మిత్రునికి, వార్డెన్ సారుకు తెలిసి ఉండాలి.

నేల ఉసిరి నేర్పిన పాఠం

పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు మన పల్లెల్లో పాత వాడకం. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. ఏళ్ళ తరబడి శరీరంలో ఉండిపోయే హెపటైటిస్ బి సంగతి వేరు. మద్రాసు శాస్త్రజ్ఞులు దాని మీద నేల ఉసిరిని పరీక్షించి 1988లో ఫలితం ప్రకటించారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి, ఉత్త మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికి వైరస్ గుర్తు రక్తంలో కనిపించకుండా పోయింది. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. తరువాత ఇతర చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. ఒక్క పరీక్ష చాలదు, మళ్ళీ మళ్ళీ చేసినా నిలవాలి అన్నదే ఇందులోని పాఠం.

మొక్కల మందులు పనికిరావని దీని అర్థం కాదు. షుగరుకు ఊరూరా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మూలం యూరప్‌లో పెరిగే గలీగా అనే మొక్కలో ఉంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ పాత వైద్య గ్రంథం చదివి మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు తీశారు. 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మన పసుపు సంగతి

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అంటారు. మన పసుపు విషయంలో ఆ సామెత తిరగబడింది. గాయాలకు పసుపు వాడకం మీద ఒక అమెరికా విశ్వవిద్యాలయం 1995లో పేటెంటు పొందింది. ఇది మా తాతల నాటి విద్య అని మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ పాత గ్రంథాలు, పత్రికలు చూపి వాదిస్తే 1997లో అది రద్దయింది. 2025లో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదులోనే మొదలైంది.

పసుపులోని కర్కుమిన్ వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో కనిపించింది. మోకాళ్ళ నొప్పుల మీద జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో కొంత ఉపశమనం కూడా కనిపించింది. కానీ కర్కుమిన్ మన పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో వేసే చిటికెడు పసుపు భయం లేనిది, అది రోగం కుదిర్చేదీ కాదు. అందుకే కర్కుమిన్‌ను బాగా గాఢం చేసి, కొన్నింట మిరియాల సారం కలిపి మాత్రలుగా అమ్ముతున్నారు. అట్లాంటి పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను అమెరికా కాలేయ నిపుణులు 2022లో ప్రకటించారు. వారిలో ఒకరు చనిపోయారు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఈ మాత్రలతో మరింత ముప్పు. వంటింటి వస్తువైనా మోతాదు మారితే గుణం మారుతుంది.

కనిపించని ప్రమాదాలు

"ఆకుమందే కదా, చెడు చేయదు" అనే మాట నమ్మవద్దు. బోస్టన్ దుకాణాల్లో అమ్మిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి దొరికాయని 2004లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. పేరు లేని పొడి పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఇచ్చేవారూ ఉన్నారు. నాలుగు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం ఉబ్బితే అనుమానించాలి. దానివల్ల షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఉన్న మందు మానడం. చిన్నతనంలో వచ్చే షుగరులో ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఫిట్స్ మాత్ర ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు. షుగరు, ఆస్తమా, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా గోడల మీద, ఫోన్లలో ఆ ప్రకటనలు ఆగలేదు.

అడగవలసిన ఐదు ప్రశ్నలు

1. ఇందులో ఏముంది? పేరు, మోతాదు చెబుతారా?
2. ఎంతమంది మీద పరీక్షించారు? మందు ఇవ్వనివారితో పోల్చి చూశారా?
3. ఇప్పుడు వాడుతున్న మాత్రలతో ఇది పడుతుందా?
4. పాత మందు మానమంటున్నారా? అట్లా అంటే అక్కడినుంచి లేచి రావడం మంచిది.
5. ఎంత ఖర్చు? ఎన్నాళ్ళలో తెలుస్తుంది? తగ్గకపోతే ఎప్పుడు ఆపాలి?

ఈ ప్రశ్నలు నాటువైద్యునికీ, పెద్దాసుపత్రి డాక్టరుకూ ఒకటే. డాక్టరు ఒక మందును ఆఫ్ లేబుల్‌గా రాసినప్పుడు కూడా "ఇది ఎందుకు రాశారు సార్?" అని అడిగే హక్కు మనకుంది.

మిత్రులారా! మన ఇళ్ళల్లో చాలాచోట్ల మందుల అట్ట మీది అక్షరాలు చదవగలిగింది మనమే. ఈసారి దసరా సెలవులకు పోయినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడుతున్న మాత్రలు, చూర్ణాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసి, వాళ్ళను వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. బీపీ, షుగరు మాత్రలు అక్కడ ఉచితంగానే ఇస్తారు. పసరు తాగుతున్న సంగతి డాక్టరు దగ్గర దాచవద్దని వాళ్ళకు ముందే చెప్పండి. తిడతారని భయపడి దాస్తే, ఏ మందు ఏ మందుతో గొడవ పడుతోందో డాక్టరుకు తెలిసే దారి ఉండదు. సంచి విప్పి బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటీ పేరు చదివి వినిపించండి.