పాత మోటారు సైకిలుకు క్రొత్త రబ్బరు

మైసూరు నగరమందలి ఐడియల్ జావా కర్మాగారమున 1961 మొదలు 1996 వరకు మోటారు సైకిళ్లు తయారైనవి. మొదట జావా యనియు, తరువాత యెజ్డీ యనియు వానికి పేరు. కర్మాగారము మూతపడి యేండ్లు గడచినను, ఆ బండ్లను ప్రేమతో కాపాడుకొనువారు మన కర్ణాటకమున నేటికిని కలరు. ఇనుము విరిగినచో అతికింపవచ్చును. రంగు పోయినచో మరల పూయవచ్చును. రబ్బరు చెడినచో ఏమి చేయవలెను? అంగళ్లలో కొన్ని భాగములు దొరకును గాని, దొరికినవన్నియు కొలతకు సరిపడవు. అట్టి భాగములను ఇంటియొద్దనే పోతపోసికొను విధమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి.

ముందుగా రబ్బరు ఏల చెడునో తెలిసికొందము. చెట్టుపాలనుండి తీసిన పచ్చి రబ్బరు ఎండకు జిగటయగును, చలికి బిరుసెక్కును. గంధకముతో కలిపి కాచినచో ఈ దోషము పోవునని అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియర్ 1839లో కనుగొనెను. రబ్బరులోని పొడవైన అణువుల గొలుసులను గంధకము ఒకదానితో నొకటి ముడివేయును. అందుచేతనే సాగిన రబ్బరు మరల యథాస్థితికి వచ్చును. కాని గాలిలోని ఆమ్లజనియు, ఓజోనును, సూర్యరశ్మియు ఏండ్ల తరబడి ఆ గొలుసులను దెబ్బతీయుచుండును. పెట్రోలు, నూనె తగిలినచో రబ్బరు ఉబ్బి మెత్తబడును. కావున నడపక మూలనుంచిన బండికి సైతము రబ్బరు బీటలువారును.

గంధకముతో రబ్బరును కాచుటకు వేడియు, గొప్ప ఒత్తిడియు కావలెను. అది ఇంట జరుగు పని కాదు. నేడు పాలీయురెథేను అను ద్రవ్యము రెండు సీసాలలో లభించుచున్నది. రెండు ద్రవములను కలిపి అచ్చులో పోసినచో, కాచకయే రబ్బరువలె గట్టిపడును.

మా యింట నొక పాత జావా బండి కలదు. ఆ బండికి గేరు మార్చు మీటయు, ఇంజనును తన్ని లేపు మీటయు ఒక్కటే. దాని తొడుగు రబ్బరు అరిగి చినుగగా, మేము దానిని ఊడదీసి పారవేయబోతిమి. చెంతనున్న ముసలి మెకానిక్కు మా చేయి పట్టుకొని, “పారెయ్యొద్దు అయ్యవారూ, అదే గదా మీకు కొలత!” అనెను. ఈ పనికంతటికి ఆ మాటయే మూలసూత్రము.

పాత తొడుగును సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. అరిగిన గీతలను, చినిగిన చోట్లను మైనముతో పూడ్చి, తొలినాటి ఆకారమునకు తేవలెను. నడిమి రంధ్రములో నున్నని ఇనుప కడ్డీనొకదానిని దూర్చి, రెండు కొనలు వెలుపలికి కనబడునట్లు ఉంచవలెను. ఆ కడ్డీ మీటకంటె వెంట్రుకవాసి సన్నముగా నుండినచో క్రొత్త తొడుగు మీటను బిగియ పట్టును.

తరువాత చిన్న పెట్టెలో బంకమన్ను పరచి, తొడుగును సగమువరకు అందులో పొదిగి, మంటిలో అక్కడక్కడ గుంటలు చేయవలెను. పైన సిలికోను రబ్బరు పోసి గట్టిపడనీయవలెను. అంతట పెట్టెను తిరుగవేసి, మన్ను తీసివేసి, సిలికోను మీద పలుచగా వాసెలిను పూసి రెండవ సగమును పోయవలెను. వాసెలిను మరచినచో రెండు సగములును ఏకమైపోవును. గుంటలవలన ఏర్పడిన బుడిపెలు రెండు సగములను సరిగా కూర్చును. ప్లాటినముతో గట్టిపడు సిలికోను, పాత రబ్బరులోని గంధకము సోకినచో గట్టిపడక జిగురుగా నిలిచిపోవును. తగరముతో గట్టిపడు రకమును అడిగి కొనవలెను.

అచ్చునుండి పాత తొడుగును తీసి, కడ్డీకి మైనము పూసి దాని గాడిలో నుంచి, అచ్చును మూసి బిగింపవలెను. పోయుటకొక రంధ్రము, గాలి పోవుటకొక రంధ్రము పైభాగమున నుండవలెను. పాలీయురెథేను ద్రవములను తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో త్రాసుతో తూచి, నల్లరంగు కొద్దిగా చేర్చి, నురుగు రాకుండ మెల్లగా కలిపి, సన్నని ధారగా పోయవలెను. మేము మొదటిసారి వానకాలమున పోసితిమి. తొడుగు తేనెపట్టువలె బుడగలమయమయ్యెను. తేమ తగిలినచో ఆ ద్రవమునుండి బొగ్గుపులుసు వాయువు పుట్టుటయే కారణము. పొడి వాతావరణమున రెండవసారి పోసినది చక్కగా వచ్చెను. ఒక దినమైన పిదప అచ్చు విప్పవచ్చును. పూర్తి గట్టిదనము వచ్చుటకు వారము పట్టును. సబ్బునీటితో తడిపి మీటకు తొడిగి, ఆరిన తరువాత కాలితో గట్టిగా నొక్కి, జారుటలేదని రూఢి చేసికొనకుండ బండి నడుపరాదు.

రెండు హెచ్చరికలు మరువరాదు. మొదటిది: పాలీయురెథేను ద్రవములలో ఒకటగు ఐసోసయనేటు ఊపిరితిత్తులకు కీడు. పెద్దలు దగ్గరలేక బాలురు దీనిని ముట్టరాదు. గాలి ధారాళముగా వచ్చు చోట, చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ధరించి చేయవలెను. ఉబ్బసము గలవారు దరికి రారాదు. వంటపాత్రలను ఈ పనికి వాడరాదు. రెండవది: బ్రేకు భాగములు, పెట్రోలు గొట్టములు, టైర్లు, ట్యూబులు ఇంట చేయదగినవి కావు. కాలిక్రింది రబ్బరు చినిగినచో మరియొకటి పోసికొందుము; బ్రేకు తప్పినచో ప్రాణమే పోవును.

పని ముగిసిన తరువాత పాత తొడుగును, అచ్చును గుడ్డలో చుట్టి, బండి పేరు వ్రాసి దాచితిమి. అట్టి బండియే గల మరియొకరు రేపు అడిగినచో ఇయ్యవచ్చును. క్రొత్త రబ్బరును ఎప్పుడైనను కొనవచ్చును; కోల్పోయిన ఆకారమును ఏ అంగడిలోను కొనలేము. కావున మీ యిండ్లలో పాత యంత్రమున్నచో, చెడిన భాగమును పారవేయుటకు ముందు ఒకమారు ఆలోచింపుడు.