లేటెక్‌లో సిద్ధాంతాల సంఖ్యలు

లేటెక్‌లో సిద్ధాంతాల సంఖ్యలు అనగా గణిత పత్రాలలోని సిద్ధాంతం, ఉపసిద్ధాంతం, నిర్వచనం, నిరూపణలోని సందర్భం మొదలగు వాటికి లేటెక్ అనే అక్షరకూర్పు సాఫ్టువేరు తనంతట తానే ఇచ్చే క్రమసంఖ్యలు. రచయిత సంఖ్యను రాయడు, ప్రతి అంశానికి ఒక గుర్తుపేరు మాత్రమే పెడతాడు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో 2015లో ప్రారంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్.ఐ.టి.) వంటి చోట్ల గణిత పరిశోధన గ్రంథం రాసేవారికి ఈ ఏర్పాటు చాలా ఉపయోగకరం. పెద్ద గ్రంథంలో ఒక్క సంఖ్య తప్పినా పాఠకుడు వేరొక సిద్ధాంతాన్ని ఆధారంగా తీసుకొనే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

డొనాల్డ్ క్నూత్ 1978లో టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను వెలువరించాడు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దానిపై లేటెక్‌ను నిర్మించాడు. సిద్ధాంతాల అమరికకు అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ రూపొందించిన ఏఎంఎస్-థీరం ప్యాకేజీ విస్తారంగా వాడుకలో ఉన్నది.

పనిచేసే విధానం

"న్యూథీరం" ఆదేశంతో ఒక్కొక్క రకానికి ఒక కౌంటరు ఏర్పడుతుంది. దానిని అధ్యాయానికి లేదా విభాగానికి అనుబంధిస్తే, కొత్త విభాగం మొదలైనప్పుడు లెక్క తిరిగి 1 నుండి మొదలై 2.1, 2.2 అని సాగుతుంది. సిద్ధాంతాలు, ఉపసిద్ధాంతాలు ఒకే కౌంటరును పంచుకొంటే పాఠకుడు వెతకడం సులభమవుతుంది. గుర్తుపేరును సిద్ధాంతం ఆరంభమైన తరువాతనే రాయాలి. ముందు రాస్తే అంతకు పూర్వపు సంఖ్య దానికి అంటుకొంటుంది. మొదటిసారి నడిపినప్పుడు సంఖ్యలు ఒక సహాయక ఫైలులో చేరతాయి, రెండవసారి ప్రస్తావనలలోకి వస్తాయి. దొరకని గుర్తుపేరు ఉన్నచోట రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

నిరూపణలో సందర్భాలు

ఏలూరు సమీపంలోని కొల్లేరు సరస్సు నీటిని ఉప్పుటేరు బంగాళాఖాతానికి చేరుస్తుంది. ఏటి ప్రవాహదిశను రెండు చివరల నీటిమట్టాలే నిర్ణయిస్తాయని అనుకొంటే మూడు సందర్భాలు కలవు.

సందర్భం 1: సరస్సు మట్టం ఎక్కువ. నీరు సముద్రం వైపు పారుతుంది.
సందర్భం 2: రెండు మట్టాలూ సమానం. ప్రవాహం ఉండదు.
సందర్భం 3: సముద్ర మట్టం ఎక్కువ. ఉప్పునీరు సరస్సు వైపు ఎగబాకుతుంది.

ఇటువంటి సందర్భాలకు విడిగా ఒక కౌంటరు పెడితే, తరువాతి నిరూపణలో లెక్క 1కి బదులు 4 నుండి మొదలవుతుంది. దానిని సిద్ధాంతపు కౌంటరుకు అనుబంధిస్తే ప్రతి కొత్త సిద్ధాంతంతో లెక్క సున్నాకు వస్తుంది. అయితే అప్పుడు సంఖ్య "2.1.3" వలె పొడవుగా కనిపిస్తుంది కనుక చివరి అంకెను మాత్రమే చూపవలెనని విడిగా చెప్పాలి. ఉపసిద్ధాంతానికి వేరే కౌంటరు ఉంటే దాని నిరూపణలో ఈ ఉపాయం పనిచేయదు. నిరూపణ మొదట్లో కౌంటరును సున్నా చేయడం, లేదా ప్రతిసారీ 1 నుండి మొదలయ్యే జాబితాను వాడడం ఇతర మార్గాలు.

తెలుగులో వాడుక

యూనికోడ్ ఖతులను నేరుగా వాడగల జీలేటెక్‌లో "సిద్ధాంతం", "సందర్భం" అనే పేర్లను తెలుగులోనే ఇవ్వవచ్చు. పేరునూ సంఖ్యనూ కలిపి ముద్రించే ఆదేశాలు తెలుగుకు అంతగా నప్పవు. అవి "సిద్ధాంతం 2.1" అని మాత్రమే ఇస్తాయి, "సిద్ధాంతాన్ని", "సిద్ధాంతానికి" వంటి విభక్తి రూపాలను ఇవ్వలేవు. కావున సంఖ్యను మాత్రమే తెప్పించుకొని "2.1వ సిద్ధాంతాన్ని బట్టి" అని రాయడం మేలు.

పరిమితులు

సంఖ్యలు వరుసగా ఉన్నంత మాత్రాన నిరూపణ సరియైనదని కాదు. పై ఉదాహరణలో మూడవ సందర్భాన్ని విడిచిపెట్టినా లేటెక్ 1, 2 అని సక్రమంగానే ముద్రిస్తుంది, ఉప్పునీటి మాట మాత్రం లోపిస్తుంది. నాలుగు రంగుల సిద్ధాంతానికి ఆల్‌ఫ్రెడ్ కెంప్ 1879లో ఇచ్చిన నిరూపణలో అయిదు పొరుగు ప్రాంతాలున్న సందర్భం వద్ద దోషం ఉన్నదని పెర్సీ హీవుడ్ 1890లో చూపాడు. ఆ సిద్ధాంతం 1976లో కంప్యూటరు సహాయంతో నిరూపించబడింది. సందర్భాలన్నీ వచ్చాయా, ప్రతిదానిలోని తర్కం నిలుస్తుందా అన్నది రచయితయే సరిచూసుకోవాలి.