కుర్రవాని మొదటి రైఫిలు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇండ్లు మన సంఘంలో ఇప్పుడు తక్కువేమీ కావు. వారిలో మోంటానా వంటి కొండ రాష్ట్రాలకు చేరినవారూ ఉన్నారు. అక్కడ శరదృతువు వచ్చిందంటే బడిపిల్లవాడు తండ్రి వెంట అడవికి వేటకు పోవడం, మన పల్లెల్లో పొలానికి పోయినంత మామూలు సంగతి. తోటివారిని చూచి మనవాడూ ఒకనాడు అడుగుతాడు, "నాన్నా, నాకూ ఒక రైఫిలు కొనిపెట్టు" అని. ఆ తండ్రి పుట్టి బుద్ధెరిగి తుపాకి పట్టినవాడు కాడు. ఇక్కడ అవ్వకు ఆ మాట టెలిఫోనులో వింటేనే గుండెదడ. జీవహింస తగునా తగదా అనే చర్చను ఏ ఇంటి పెద్దలకు ఆ ఇంటనే వదలిపెట్టి, కొనదలచినవారు దేనిని చూచి కొనాలి అనే ఒక్క సంగతే మేము ఇక్కడ ఎత్తుకుంటున్నాము.

మన దేశంలో ఈ ప్రశ్నకే ఇప్పుడు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులి మొదలైన జంతువుల వేటను మాన్పించింది. 1991 సవరణతో లైసెన్సు తీసికొని సరదాకు వేటాడే దారి కూడా మూసుకుపోయింది. ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏండ్లు నిండనిదే తుపాకి లైసెన్సు ఇవ్వరు. అయినా మొదటి రైఫిలు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి, వేట చెల్లిన రోజుల నాటి మన అడవుల కథలకు మించిన పాఠం మాకు కనబడలేదు.

1907లో జిమ్ కార్బెట్ కుమావూ కొండలలో చంపావత్ ఆడపులిని చంపాడు. అంతకుముందు అది నేపాళంలోను, కుమావూలోను కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. చచ్చిన పులి నోరు తెరచి చూస్తే కుడివైపు పైకోర సగానికి విరిగి ఉంది, క్రిందికోర ఎముకదాకా పోయింది. ఎప్పుడో ఎవరో పేల్చిన గుండు దెబ్బ అది. ఆ పండ్లతో అడవి జంతువులను పట్టలేకనే అది మనుషుల మీద పడిందని కార్బెట్ వ్రాశాడు. ఆ గుండు పేల్చినవాడెవడో ఎవరికీ తెలియదు. తప్పిపోయిందనుకొని ఇంటికి వెళ్లి హాయిగా భోంచేసి ఉంటాడు. తగలవలసిన చోట గుండు తగలకపోవడం వల్ల అన్ని ఇండ్లలో దీపాలారిపోయాయి.

ఆ వేటలోనే ఇంకొక చిన్న సంగతి ఉన్నది. కార్బెట్ ఆనాడు తన రైఫిలుకు మూడే తూటాలు తెచ్చుకున్నాడు. మూడూ అయిపోయాయి. గాయపడిన పులి ఎదురుగా ఉన్నది. పరుగెత్తి వెళ్లి తహసీల్దారు చేతిలోని తుపాకి తీసికొని, తెరచిన నోటికి గురిపెట్టి పేల్చాడు. గుండు ఆరంగుళాలు తప్పి ముందుకాలి పంజాకు తగిలింది. అదృష్టవశాత్తు ముందటి దెబ్బలతోనే పులి ప్రాణం పోయింది. అంతటివాడికే, చేతికి అలవాటు లేని తుపాకితో కొద్దిపాటి దూరంలో గురి తప్పింది. స్నేహితుని ఇంట్లో మూలనున్న పాత రైఫిలు తెచ్చి, "ఈ ఏటికి దీనితో కానియ్యి" అని పిల్లవానికి అందించే తండ్రులు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి.

ఆ పులిని చంపినందుకు గవర్నరు దొర కార్బెట్‌కు బహూకరించినది .275 రిగ్బీ రైఫిలు. ఆ అంకె గొట్టం లోపలి కొలతను అంగుళంలో చెబుతుంది. అది ఏనుగును కూల్చే ఫిరంగి కాదు, తేలికైన రైఫిలు. భుజాన్ని పెద్దగా తన్నదు, గుండు తిన్నగా పోతుంది. కార్బెట్ దానిని ఎన్నో ఏండ్లు ఆప్తమిత్రునిలా వెంట తిప్పుకున్నాడు.

దీనికి ఎదురుగా మన బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్‌ను నిలబెట్టి చూద్దాము. ఆయన 1910లో సికింద్రాబాదు ప్రక్కన బొల్లారంలో పుట్టాడు, 1974లో బెంగుళూరులో పోయాడు. హోసూరు, డెంకణికోట వైపు మన తెలుగువారికి ఆయన వ్రాసిన జవళగిరి అడవి ఇంటి పెరడు వంటిది. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టరు. దాని గుండు బరువు 19 గ్రాములకు పైమాట, రిగ్బీ గుండుకు రెండింతలు. పులి ఎదురుగా దూకేటప్పుడు ఆ బరువు అక్కరకు వస్తుంది, నిజమే. కాని అది పేలినప్పుడు వెనుకకు తన్నే తన్ను పెద్దవాళ్లే ఓర్చుకోవాలి. పదిహేనేండ్ల కుర్రవాడు దానిని రెండుసార్లు పేల్చాడంటే మూడోసారి మీట నొక్కకముందే కళ్లు మూసుకుంటాడు, భుజం బిగబడుతుంది, గొట్టం క్రిందికి వంగుతుంది. ఇక ఆ జన్మకు గురి కుదరదంటే నమ్మండి. దుకాణాలలో "పెద్ద జంతువుకు పెద్ద తుపాకి" అని చెప్పి మాగ్నం తరగతి రైఫిలు అంటగట్టేవారిని మేము నమ్మము. కుర్రవాడు చెదరకుండా కాల్చగలిగినదే అతనికి పెద్ద తుపాకి.

అమెరికాలో దుప్పి వరకే అయితే .243 వించెస్టరు చాలు. దాని తన్ను ప్రసిద్ధికెక్కిన .30-06 తన్నులో దాదాపు సగం. మన కణుజు అంతటి ఎల్క్ దుప్పికి కూడా పోదలచితే .308, లేదా దానికంటె మెత్తనైన 7 మిల్లీమీటరు-08 మేలు. రైఫిలు మరీ తేలికగా ఉంటే తన్ను హెచ్చుతుంది, మరీ బరువైతే కొండ ఎక్కలేడు. కర్ర పొడవు సరిపోయిందో లేదో ఇంట్లోనే చూడవచ్చు: మోచేయి మడిచి, కర్ర చివరను మోచేతి మడతలో ఆనించితే చూపుడువ్రేలు మీటకు సులభంగా అందాలి. దుర్భిణి కంటికి మరీ దగ్గరగా బిగించితే తన్నుకు కనుబొమ్మ చిట్లుతుంది.

అంకెలు వ్రాసుకొని బ్రతికే గుమాస్తాలము కనుక ఒక లెక్క కూడా చెబుతాము. వేయి డాలర్లున్నవాడు వేయీ రైఫిలుకే పెట్టరాదు. సాదా రైఫిలు కొని, మిగిలిన సొమ్ము తూటాలకు, చెవులు కప్పే సరంజామాకు ఉంచుకోవాలి. ముందు చిన్న .22తో కొన్ని నెలలు సాధన, తరువాతనే పెద్దది. నూరు గజాలలో కూర్చుండి పేల్చి, ఐదుకు ఐదు గుండ్లు ఫలహారపు పళ్లెమంత చోటులో పడేదాకా అడవి మాట ఎత్తనీయరాదు. జంతువుకు భుజం వెనుక ఊపిరితిత్తులుండే చోటు కూడా ఇంచుమించు అంతే.

ఇదే .275 తరగతి గుండుతో బెల్ అనే స్కాచ్ వేటగాడు ఆఫ్రికాలో వందలాది ఏనుగులను పడగొట్టాడని కుర్రవాళ్లు చదివి ఎగిరిపడతారు. ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో కోసి చూచి నేర్చుకున్నవాడు బెల్. ఇప్పుడు ఆఫ్రికాలో పలు దేశాల చట్టాలు అటువంటి జంతువులకు .375కు తక్కువ రైఫిలును ఒప్పుకోవు.

తండ్రులు మరచిపోయేది మరొకటి ఉన్నది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి దగ్గర పెట్టుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. కనుక ముందు లైసెన్సు, వకీలు సలహా, తరువాతనే దుకాణం మెట్టు. 18 ఏండ్లు నిండనివానికి దుకాణదారు రైఫిలు అమ్మడు, కొనేది తండ్రే. మోంటానాలో 1985 జనవరి 1 తరువాత పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తి చేయనిదే మామూలు లైసెన్సు పొందలేరు. రైఫిలు వేటకు పోయినప్పుడు నడుముకు పైన 400 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు గుడ్డ కనబడాలి. అవ్వకు ఈ గుడ్డ సంగతి తప్పక చెప్పండి, కొంచెం ధైర్యం వస్తుంది. ఇంట్లో రైఫిలు ఒక తాళంలో, తూటాలు ఇంకొక తాళంలో, రెండు తాళంచెవులూ తండ్రి దగ్గర.

అక్కడ దుప్పి, ఎల్క్ రైఫిలు వేట అక్టోబరు చివర మొదలై ఐదు వారాలుంటుంది. ఉగాదికి .22 చేతికిస్తే దసరా నాటికి పళ్లెం లెక్క తేలుతుంది. తేలకపోతే ఈ ఏడు దుర్భిణి ఒక్కటే ఇచ్చి తండ్రి వెంట కొండకు పంపడమే.