నడుములో డిస్కు మరల జారినచో

ఒకమాఱు శస్త్రచికిత్స చేయించుకొని, సుఖముగా నింటి పనులు చూచుకొనుచున్న యిల్లాలికి, కొంతకాలము గడచిన పిమ్మట ఆ నొప్పియే నడుమునుండి కాలిలోనికి దిగుట గలదు. అప్పుడు ఇంటివారు కొందఱు "మొదటి చికిత్స వ్యర్థమైనది, ఇక కత్తి జోలికి పోరాదు" అందురు. మఱికొందఱు "ఈసారి పెద్ద ఆపరేషను చేయించి పీడ వదల్చుకొందము" అందురు. ఈ రెండును తొందరపాటు మాటలే.

నడుములోని వెన్నుపూస లైదు. పూసల నడుమ నుండు మెత్తని బిళ్లలనే డిస్కు లందురు. డిస్కునకు వెలుపల గట్టి నారపొరయు, లోపల జిగురువంటి గుజ్జును ఉండును. పొర చిరిగి గుజ్జు వెలికివచ్చి నరమును నొక్కినచో కాలు లాగును, తిమ్మిరెక్కును. ఈ కాలినొప్పినే ఆయుర్వేదము గృధ్రసి యనినది. దీనికి జారిన డిస్కు కారణమని 1934లో బోస్టను నగర వైద్యులు మిక్‌స్టర్, బార్ అనువారు స్పష్టపఱచిరి.

శస్త్రచికిత్సలో వెలికివచ్చిన ముక్కను, వదులైన గుజ్జును తీయుదురే కాని డిస్కునంతయు తీయరు. చిరిగిన పొర మునుపటివలె గట్టిపడదు. అందుచే నూటికి సుమారు 5 మొదలు 15 మందికి అది మరల జారుచుండును. ఇందుకు వైద్యునిగాని రోగినిగాని నిందింప బనిలేదు.

కాలి బలము తగ్గకున్నచో మందులతోను, నడకతోను, తగిన వ్యాయామముతోను కొన్ని వారములు వేచి చూడవచ్చును. అదేపనిగా మంచము పట్టుట మేలు గాదు. పాతగాయపు మచ్చను, క్రొత్తగా జారిన ముక్కను వేఱుపఱచుటకు గడోలినియమను మందెక్కించి ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయుదురు.

అప్పటికిని కాలినొప్పి తగ్గనిచో ఆ ముక్కను మరల తీయుట మొదటి మార్గము. సూక్ష్మదర్శిని సాయమున చిన్న కోతతోనే దీనిని చేయుదురు. అయితే పాత మచ్చ నరముల పొర కంటుకొని యుండుటచే, ఆ పొర చిరుగు భయము మొదటిసారికంటె హెచ్చు. ఎండోస్కోపు అను సన్నని గొట్టముతో ప్రక్కనుండి పోయి, మచ్చను తప్పించుకొని ముక్కను తీయు పద్ధతియు గలదు.

రెండు పూసలను మరమేకులతో బిగించి, ఎముకపొడిచేర్చి అతికించుట ఇంకొక మార్గము. పూస కుదురులేక కదలుచున్నను, కాలికంటె నడుమునొప్పియే బాధించుచున్నను, డిస్కు పలుమాఱులు జారినను దీనిని తలపెట్టుదురు. ఇందులో కోత పెద్దది, కోలుకొను కాలము హెచ్చు, ప్రక్క డిస్కులపై భారము పెరుగవచ్చును. కావున "నా నొప్పి నరముదా, పూస కదలుటవలననా?" అని వైద్యు నడిగి తెలిసికొనుడు. ఏ మార్గము తగునో ఆ సమాధానమే చాలవఱకు తేల్చును.

సోదరీమణులారా, ఒక్క సంగతి మాత్రము మఱవకుడు. మూత్రము బిగించినను, తెలియక జారిపోయినను, మలము నిలువకున్నను, తొడల సందున స్పర్శ తగ్గినను, కాలు చచ్చుపడుచున్నను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. నరముల కట్టయే నలిగినపుడు ఆలస్యమైనకొలది ఆ శక్తులు తిరిగిరాకపోవచ్చును. మగవారితో నెట్లు చెప్పుదునని సిగ్గుపడి తెల్లవాఱు వఱకు దాచుకొనకుడు. మీ యింటి కోడలో, అత్తగారో నడుమునొప్పితో నున్నచో ఈ ప్రశ్నలను మీరే ముందుగా అడుగుడు.